చప్పుడు లేని చక్రం

అక్షరాలు నాకు వయసు మళ్లాక వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు జారిపోతే సర్దుకుని చదువుకోండి. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది కాబట్టి అక్కర్లేనిది రాసే ఓపిక లేదు. మీకు అదొక్కటే లాభం.

ఆ ఉదయం కూడా మా ఆయన స్టూలు మీద కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతున్నారు. ఎదురుగా నేను ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను.

ఆయన పని బండ్ల చక్రాలు తయారుచేసే కంపెనీలో అమ్మకాల ఉత్తరాలు రాయడం. గోదాములు, హోటళ్లు, ఆసుపత్రులు, తోపుడు బండి ఉన్న ప్రతి చోటికీ మా చక్రాలు కొనండని ఒప్పించేలా రాయాలి. అందరూ ఉత్తరాలాయన అనేవారు. రాసిందల్లా నాకు చదివి వినిపించేవారు. బాగుందా అని ఒక్కనాడూ అడగలేదు. కాగితం పక్కనుంచి నా చేతులు చూసేవారు. వింటూ వింటూ నా చేతులు ఆగితే ఆ వాక్యం ఉంచేవారు, ఆగకపోతే కొట్టేసేవారు. ఉత్తరం అందుకునే పెద్దమనిషి కూడా ఏదో పని మధ్యలోనే ఉంటాడు, ఆ పని కాసేపు ఆపించగలిగితే చాలు అనేవారు.

ఆ రోజు ఉత్తరం పెద్దాసుపత్రి కొనుగోలు అధికారికి. అంతకు ముందు రాసిన వాటికి జవాబు లేదు. రోగుల్ని తోసుకెళ్లే బండ్ల కోసం మెత్తటి రబ్బరు చక్రం ఒకటి ఆయన పట్టుబట్టి చేయించారు. ఎంత తిరిగినా చప్పుడు రాదు. గట్టి చక్రం కన్నా ధర ఎక్కువ కావడంతో ఎవరూ కొనలేదు. ఈసారి కూడా ఆసుపత్రి పలక్కపోతే దాని అచ్చు పాతసామానులో వేసేస్తానని యజమాని తేల్చి చెప్పేశాడు.

ఆయన పట్టుకి కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం గుండెనొప్పి వస్తే ఆయన్ని అదే ఆసుపత్రి బండి మీద తోసుకెళ్లారు. గచ్చులో అతుకు వచ్చినప్పుడల్లా బండి దడదడలాడింది. నొప్పి సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు గానీ, ఆ చప్పుడు సంగతి మాత్రం భోజనం మధ్యలో కూడా చెప్పేవారు.

ఇక ఉత్తరం కంపెనీ వయసుతో మొదలైంది. తర్వాత దానికొచ్చిన బహుమతులు, ఆ తర్వాత రబ్బరు రకం, చక్రం మోయగల బరువు. నా చేతులు ఎక్కడా ఆగలేదు.

"దుప్పట్లు కూడా అయిపోయాయా?" అన్నారు.

"దిండు గలీబులు మిగిలాయి. ఉత్తరం ఇంకా ఉందా?"

"ఉంది గానీ, దానికి గలీబులు చాలవు." నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆఫీసులో జరిగింది తర్వాత టైపిస్టమ్మ చెప్పింది. ఆయన బల్ల కిటికీ పక్కన ఉండేది. ఒక కాలు పొట్టిదైతే కింద అట్టముక్క మడిచి పెట్టారు. కాగితాలు ఎగరకుండా మెత్తటి చక్రం నమూనా ఒకటి ఉండేది. ఆ పూట చాలాసేపు ఏమీ రాయకుండా దాన్ని బల్ల మీద అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నారట. చంటివాడికి బొమ్మ దొరికిందని ఆవిడ వెక్కిరించిందట. అప్పుడు లేచి, వరండాలో ఉన్న టీ బండిని ఆ చివరిదాకా తోసుకెళ్లి, గ్లాసులన్నీ గలగలలాడిస్తూ తిరిగొచ్చి, కూర్చుని ఏకబిగిన రాసేశారట.

మధ్యాహ్నం భోజనానికి వచ్చి, నేను వడ్డిస్తుంటే చదివారు.

"అయ్యా, ఇవాళ ఒక్కసారి మీ వార్డు వరండాలో కళ్లు మూసుకుని నిలబడండి. బండి వెళ్లే చప్పుడు వినండి. దాని మీద పడుకున్న మనిషికి ఆ చప్పుడు తల కిందే ఉంటుంది. ఒకసారి నేను పడుకున్నాను కాబట్టి చెబుతున్నాను. ఒక్క బండికి మా మెత్తటి చక్రాలు మేమే వచ్చి బిగిస్తాం. మీకు ఖర్చు లేదు, సంతకం అక్కర్లేదు. కొన్నాళ్లు తోసి చూడండి. తేడా లేదనిపిస్తే మేమే విప్పుకుని వెళ్లిపోతాం."

సంతకానికి వదిలిన చోటు కింద తా.క. ఉంది. "తోసేవాళ్లను కాదు, పడుకున్నవాళ్లను అడగండి."

అసలు మాట తా.క.లో పెట్టాలనేది ఆయన పద్ధతి. ఉత్తరం రాగానే ఎవరైనా ముందు రాసిందెవరో చూస్తారు, చూపు అక్కణ్ణుంచి ఇంకాస్త కిందికి జారుతుంది అనేవారు.

గరిటె కంచం మీద గాలిలోనే ఉండిపోయింది. ఆయన దాన్ని చూసి, కాగితం మడిచారు.

"ఇక వడ్డించవోయ్, ఆకలేస్తోంది."

యజమాని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. రెండుసార్లు చదివి మొహం చిట్లించాడట.

"మన కంపెనీ సంగతేదయ్యా ఇందులో? పేరు ఎక్కడో అడుగున పడేశావు."

"చదివాక ఎవరబ్బా వీళ్లు అని వెతుక్కుంటారు కదండీ. వెతికే చోటే పెట్టాను."

"మరి బహుమతులు?"

"అవి మన గోడకి బాగున్నాయండీ."

టైపిస్టమ్మ నవ్వు ఆపుకోలేక మిషన్ వెనక్కి తల దించేసుకుందట. ఇలాంటి దాని కింద నేను సంతకం పెట్టను, నువ్వే పెట్టుకో అన్నాడట యజమాని. ఆయన పెట్టారు. ఇంటికొస్తూ తన చేత్తోనే పోస్టు డబ్బాలో వేశారు.

వచ్చి చెప్పులు గుమ్మం పక్కన జతగా విడిచి, కుర్చీలో వాలారు. టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వెయ్యమన్నారు. డాక్టరు వద్దన్నాడుగా అంటే, "డాక్టరుకి ఒక ఉత్తరం రాసి ఒప్పిస్తాలే" అన్నారు. నేను టీ తెచ్చేసరికి కళ్లద్దాలు నుదుటి మీదే ఉన్నాయి, కళ్లు మూసి ఉన్నాయి. నిద్రపట్టిందనుకుని గ్లాసు మీద మూత పెట్టాను. దీపాలు పెట్టే వేళకి ఆ టీ చల్లారిపోయింది. ఆయన చెయ్యి కూడా.

జవాబు ఆయన పేరనే వచ్చింది. టైపిస్టమ్మ తెచ్చి చదివింది. ఒక బండికి బిగించి చూపించమని రాశారు. కొన్నాళ్లకి మిగతా బండ్లన్నిటికీ అడిగారు. ఆ చక్రం అచ్చు ఇప్పటికీ కంపెనీ షెడ్డులో పనిచేస్తూనే ఉంది.

ఆయన ఉత్తరం నకలు కూడా ఆవిడ తెచ్చింది. ఒకసారి చదవమన్నాను, చదివింది. మళ్లీ అడిగాను. మూడోసారి అడిగేసరికి నవ్వి, "పిన్నిగారూ, మీరే నేర్చుకుంటే పోదూ? నేను చెబుతాగా," అని పలక కొనిపెట్టింది. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'అయ్యా'.

పోయినేడు మోకాలి ఆపరేషన్ కోసం అదే ఆసుపత్రిలో బండెక్కాను. పైన దీపాలు ఒక్కొక్కటే వెనక్కి జారిపోతున్నాయి. ఏమీ వినపడలేదు. బండి కదులుతోందా నాయనా అని తోసే అతన్ని అడిగాను. సగం దూరం వచ్చేశాం మామ్మా అన్నాడు.

ఇట్లు,
ఉత్తరాలాయన భార్య, వయసు అరవై ఏడు.
ఇప్పుడు ఉండేది టైపిస్టమ్మ ఇంటి మేడ మీది గదిలో.

తా.క. ఆ నమూనా చక్రం నా దగ్గరే ఉంది. ఈ కాగితాలు ఎగరకుండా దాన్నే పెట్టాను.