చంద్రమ్మ రాసిన సిఫారసు

నలభై రెండేళ్ల వయసులో బిజినెస్ స్కూలుకు దరఖాస్తు పెట్టడానికి నా దగ్గర గొప్ప కారణాలేమీ లేవు. అసూయ, అంతే. ఒకప్పుడు నా వెనక ఫైళ్లు మోసిన జూనియర్ అరవింద్ ఏదో కంపెనీలో లీగల్ హెడ్ అయ్యాడు. మొన్న ఎయిర్‌పోర్టులో కనబడి, మేడమ్ మీరింకా కోర్టుకే వెళ్తున్నారా అని అడిగాడు. రోగిని పరామర్శించే గొంతుతో అడిగాడు. ఆ వారమే ఫారం నింపాను. ఎందుకు చేరాలనుకుంటున్నారన్న చోట మాత్రం నాయకత్వం, సమాజం లాంటి మాటలు పేర్చి పెట్టాను.

పదిహేడేళ్లుగా శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల సివిల్ కేసులు చూస్తున్నాను. గట్టు తగాదాలు, బాట తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు. ఈ వృత్తిలో మొదట నేర్పే పాఠం ఒకటుంది. అవతలివాడు దావాలో ఏం రాసినా మన జవాబులో పేరా పేరాకూ కాదనాలి. కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ప్రతివాదికి రెండు చేతులున్నాయని రాసినా సరే, ఆ సంగతి వాదే రుజువు చేసుకోవాలని రాస్తాం. ఇన్నేళ్లు ఇలా రాసిన చేతికి ఒప్పుకోవడం ఎక్కడినుంచి వస్తుంది? ఇంట్లో పప్పు మాడినా నా నోట ముందు వచ్చేది కాదన్న మాటే.

ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. మీ వైఫల్యం ఒకటి వివరించండి అని. చదవగానే నాకు ఒళ్లు మండింది. మూడు రోజులు తల పట్టుకుని కూర్చుని చివరికి రాశాను. దరఖాస్తుదారు విఫలమైనట్టు ఎక్కడా రుజువు కాలేదనీ, కొన్ని కేసులు ఆలస్యమైన మాట వాస్తవమే అయినా అందుకు ఆమె బాధ్యురాలు కాదనీ. మా గుమాస్తా సత్తయ్య చదివి చాలా బాగుందన్నాడు, నోటరీ కూడా చేయిస్తే తిరుగుండదన్నాడు. చేయించాను. స్కాన్ చేసి పంపాను కూడా. నవ్వుకోండి, నాకేం.

సిఫారసు ఉత్తరాలు రెండు కావాలన్నారు. ఒకటి మా సీనియర్ ఇచ్చాడు, అంటే నేను రాసిపెడితే ఆయన సంతకం పెట్టాడు. రెండోది నా పనిని దగ్గరనుంచి చూసిన క్లయింటు ఇవ్వాలట. తొండుపల్లి చంద్రమ్మ గుర్తొచ్చింది. ఊళ్లో పాల సంఘం అధ్యక్షురాలు, సొంత రబ్బరు ముద్ర ఉన్న మనిషి. పైగా ఎవరు దొరికితే వాళ్ల దగ్గర నన్ను పొగుడుతుంది. స్కూలువాళ్లు పంపే లింకులో ఆమె చెప్పింది టైపు చేయడానికి మనవరాలు రేఖ ఉండనే ఉంది. ఆ ఉత్తరం నాకు చూపించకూడదని నిబంధన. చూడాల్సిన అవసరం ఏముందిలే అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. చంద్రమ్మ చేనికి పోయే బండిబాటను పక్క పొలం మల్లేశ్వర్ కంచె వేసి మూసేశాడు. ఆమె తరఫున కేసు నడిపింది నేనే. నాలుగేళ్ల కిందట కోర్టు దాన్ని కొట్టేసింది. అప్పీలుకు ముప్పై రోజుల గడువు. ఆ ఫైలు నా బల్ల మీద వేరే ఫైళ్ల కింద పడి ఉండగానే గడువు దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడిగే వీలుంది, కానీ అందుకు తప్పు నాదని రాయాలి. అది రాయలేక, ఓడిన సంగతే దాచి, చంద్రమ్మ అడిగినప్పుడల్లా కేసు వాయిదా పడిందని చెప్పాను. ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి వకీళ్ల సమ్మె, ఒకసారి ఎన్నికలు. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నువ్వున్నవ్ గదా బిడ్డా అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు సిగ్గేసేది, కానీ సిగ్గుతో ఎవరూ చావరు కదా.

ఇంటర్వ్యూకి ఎయిర్‌పోర్టు పక్కన హోటల్‌కు పిలిచారు. ముగ్గురు ప్రొఫెసర్లు, సాయంత్రం విమానానికి వెళ్లిపోవాలి. నోటరీ చేయించిన వైఫల్యం చూసి వాళ్లు పడీపడీ నవ్వారట, ఇది పంపిన మనిషెవరో చూడాలనే పిలిచారట. అరగంట బాగానే సాగింది. అప్పుడు పూర్ణిమ అనే ప్రొఫెసర్ చంద్రమ్మ ఉత్తరం తీసింది. మామూలుగా వీటిని చదివి వినిపించరనీ, ఇందులో మాత్రం వినిపించమనే రాసి ఉందనీ చెప్పి, కోస్తా యాసలో మా తొండుపల్లి మాటలు చదివింది.

"సరితమ్మ మంచిది. ఎప్పుడు ఫోన్ జేసినా ఎత్తుతది. నా కొడుకు పాండును పోలీసులు వట్కపోతే పొద్దుగాల్నే వచ్చి ఇడిపిచ్చింది. ఆమెల తక్కువ ఏమున్నదని మీరు అడిగిన్రు. ఓడిపోతే చెప్పదు. గీ కాయితం మంచిగ రాద్దామని నా కేసు నంబరు ఫోన్ల కొట్టిపిస్తే నాలుగేండ్ల కిందనే అయిపోయిందని వచ్చింది. అయినా తీస్కోండ్రి. సదివితెనన్న చెప్పుడు నేర్చుకుంటది. గిది ఆమెకు సదివి ఇనిపియ్యుండ్రి."

ఇది నిజమేనా అని అడిగిందామె. ఆ ఆరోపణను రుజువు చేయాల్సిన బాధ్యత రాసినవారిదే అన్నాను. నిజంగానే అన్నాను, నోరు దానంతటది అనేసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒప్పుకుంటే సీటు పోతుంది, బయటికి పొక్కితే లాయరు లైసెన్సు కూడా పోవచ్చు. ఆ లెక్కలన్నీ వేసుకుంటుంటే మనవరాలి పక్కన కూర్చుని, ఫోన్లో ఆ కేసు నంబరు చూస్తూ చంద్రమ్మ ఎలా ఉండి ఉంటుందో కళ్లకు కట్టింది. ఏడుపొచ్చింది. నిజమే, గడువు దాటించింది నేనే, అబద్ధం చెప్పిందీ నేనే అన్నాను. వాళ్లు ఏదో రాసుకుని, చేతులు కలిపి, విమానానికి వెళ్లిపోయారు.

ఆ హోటల్ నుంచి తొండుపల్లి పది నిమిషాల దూరం. నేను వెళ్లలేదు. ప్రొఫెసర్ల ముందు ఒప్పుకోవడం వేరు, చంద్రమ్మ ముందు వేరు. పదో రోజు సీటు ఇచ్చామని మెయిల్ వచ్చింది. అప్పుడు కిలో మిఠాయి కొనుక్కుని సన్మానానికి బయల్దేరినట్టు బయల్దేరాను.

చంద్రమ్మ వాకిట్లో పాల క్యాన్లు కడుగుతోంది. డబ్బా వంక చూసి, "సీటొచ్చినందుకా, కేసు పోయినందుకా?" అంది.

"కేసు ఓడిపోయినం అమ్మా. అప్పీలు నేను వెయ్యనే లేదు. తప్పు నాదే" అన్నాను.

ఆమె క్యాను బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అప్పుడే చెప్పినవనుకో, నేనే పోయి మల్లేశ్వర్ ఇంటి ముంగట కూసుందును. కోపమెక్కువ గని మంచోడు, మొఖం మీద అడిగితే కాదనేటోడు గాదు. వకీలు సూసుకుంటుందని నేను గమ్మునున్న. పోయిన వానకాలం ఆయన సచ్చిపాయె. ఇగ ఎవర్ని అడగాలె?"

ఆమె డబ్బాలోంచి ఒక ముక్క తీసుకుని, మూతపెట్టి మళ్లీ నా చేతికే ఇచ్చింది.

"గిది ఆయన భార్య కొండమ్మకు తీస్కపో. బాట అడుగు. ఎట్ల మొదలువెట్టాల్నో తెల్వకుంటే, తప్పు నాదని మొదలువెట్టు."

కొండమ్మ ఇల్లు నాలుగు గడపల అవతల. ఆమె భర్త అబద్ధాలకోరని మూడు పేరాల్లో రాసి కోర్టులో ఇచ్చినదాన్ని నేను. గేటు దగ్గర నిలబడి పిలిచాను. ఆమె బయటికొచ్చి ఎవరు కావాలని అడిగింది.

"తప్పు నాది అక్కా" అన్నాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. గేటు మాత్రం తియ్యలేదు, చెప్పమన్నట్టు అక్కడే నిలబడింది.