పత్తి సాళ్లలో పడుగు దేశం

కోపం వస్తే పుష్పమ్మ చేతులు ఇంకా జోరుగా ఆడతాయి. శుక్రవారం మధ్యాహ్నం ఫోను పెట్టేశాక ఆమె మొగ్గలు గిల్లే తీరు చూసి, పక్క సాలులో ఉన్న సత్తెమ్మ అడగనే అడిగింది.

"ఎవల మెడ అనుకోని తుంచుతున్నవే అట్ల?"

"కురుమూర్తి సారుది."

కురుమూర్తి సారు ఆమెకు చుట్టమూ కాదు, పగవాడూ కాదు. వనపర్తిలో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. అక్కడ ఒక గల్లీలో పదిమంది కలిసి నడుపుకుంటున్న చదువుల గదికి ఆయనే పెద్ద. పుష్పమ్మ అన్న కూతురు అర్చన ఆ గది చూసుకుంటుంది. నెలకోసారి పుట్టింటికి పోయినప్పుడల్లా పుష్పమ్మ అక్కడి నుంచి రెండు పుస్తకాలు సంచిలో వేసుకొని గద్వాల బస్సెక్కుతుంది.

చదివింది ఏడో తరగతి. గద్వాల పక్క ఊళ్లో ఎకరం కౌలుకు తీసుకొని విత్తన పత్తి వేస్తుంది. ఆమె చదివేవి రెండే రకాలు: దయ్యాల నవలలు, మాయా రాజ్యాల నవలలు. అవీ ఈ మధ్య వచ్చినవే కావాలి, పాతవి పట్టుకోదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నలభై మూడేళ్ల కౌలు రైతు ఫలానావే చదవాలని ఎక్కడైనా రాసిపెట్టి ఉంటే తెచ్చి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

పైగా ఆమె ఒక్కతే చదవడం కూడా కాదు. రాత్రి ఆమె చదివింది పొద్దున చేనులో పదకొండు మందికి చేరుతుంది. పత్తి కాలంలో ఆమె చేనులో వాళ్లు, నాట్లప్పుడు వాళ్ల పొలాల్లో ఆమె, అట్లా బదులు పని చేసుకునే ఆడవాళ్లు. సాలు వెంట సాలు నడుస్తుంటే కథ కూడా నడుస్తుంది. ఇప్పుడు నడుస్తున్నది 'పడుగు దేశం'. మూడు భాగాల నవల. రెండు అయిపోయాయి. మూడోది వచ్చిందని తెలిసి పుష్పమ్మ పది రోజులుగా అర్చన ప్రాణం తీస్తోంది.

శుక్రవారం అర్చన ఫోన్లో చెప్పింది ఇదీ: "అత్తా, మూడో భాగం రాదట. దయ్యాల, మాయల బుక్కుల అర మొత్తం తీసేసి, ఆడ గ్రూప్స్ గైడ్లు పెడ్తరట. ఐతారం పది గంటలకు మీటింగు. అర ఉండాల్నంటే ముగ్గురు చదివినోళ్లు వచ్చి ఎందుకుండాల్నో చెప్పాలె. నీ పేరు రాసిన. ఇంకెవలు ముందటికొస్తలేరు."

"పది గంటలకా? పది గంటలకు నేనెట్లొస్త బిడ్డా?"

విత్తన పత్తి సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు మధ్యాహ్నమే గిల్లి, రేకులు, మగ కేసరాలు తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం చుడతారు. తెల్లారి ఎండెక్కాక మగపువ్వు తెచ్చి దాని పుప్పొడి రుద్దుతారు. ఇదే క్రాసింగు. పగలు పన్నెండు దాటితే లాభం లేదు, రుద్దని మొగ్గ రాలిపోతుంది. పండుగైనా పెళ్లయినా ఈ పని ఆగదు.

అర్చన ఇదంతా సారుకు చెప్పి, మీటింగు సాయంత్రం ఆరింటికి పెట్టమని అడిగింది. "పుస్తకం కోసం ఒక పూట పని ఇడిచిపెట్టలేనోళ్లు ఏం చదువరులమ్మా?" అన్నాడట సారు. పుష్పమ్మ మొగ్గల మీద పడింది ఆ మాటకే. పెన్షను వచ్చే మనిషికి పూట అంటే గడియారంలో నాలుగు గీతలు. మీటింగు పెట్టేవాళ్లెప్పుడూ ఇంతే. రాలేని టైము పెట్టి, రాలేదని రాసుకుంటారు.

"నువ్వు పో అక్కా, నీ సాళ్లు మేము చూస్తం," అంది కాశమ్మ. ఆమెది నాగర్‌కర్నూలు దిక్కు నల్లమల. క్రాసింగు కాలానికి వచ్చి సత్తెమ్మ ఇంట్లో ఉంటోంది.

"నేనొక్కదాన్ని పోతే ఏమొస్తది? ముగ్గురు గావాలె." పుష్పమ్మ చెయ్యి ఆగింది. "మనం పోవుడెందుకు? సారునే ఈడికి తెద్దాం."

ఆదివారం పదింటికి వనపర్తిలో అర్చన తన ఫోనును టేబులు మీద పెట్టింది. ఇక్కడ పుష్పమ్మ తన ఫోనును మగపువ్వుల సంచికి తాడుతో కట్టి మెడలో వేలాడదీసుకుంది. స్పీకరు పెట్టింది. వేళ్లకు అప్పటికే పసుపుపచ్చటి పుప్పొడి.

"నమస్తే సార్. నేను పుష్పమ్మను. చేన్లకెల్లి మాట్లాడుతున్న. చేతులు పనిల ఉన్నయి, నోరు ఖాళీగనే ఉంది."

అవతల కుర్చీలు కదిలిన చప్పుడు. ఎవరో నవ్వారు. "చెప్పమ్మా," అన్నాడు సారు, పరీక్ష హాల్లో నిలబడ్డ గొంతుతో. "ఆ పుస్తకాలల్ల ఏమున్నదని ఉండాలె?"

పుష్పమ్మ రెండు రోజులుగా చదివి పెట్టుకున్న మాటలన్నీ ఆ ప్రశ్నకు ఎగిరిపోయాయి. మంచిదే అయింది, అవన్నీ ఎవరివో మాటలు. తనవి వాటంతట అవే వచ్చాయి.

"అన్నీ మంచివని నేనంటలేను సార్. ఇప్పటి దయ్యాల నవలలల్ల సగం ఒక్కటే కథ. హైదరాబాదుకెల్లి అయిదుగురు కారేసుకోని పాత గడీకొస్తరు. ఫోనుకు సిగ్నలుండది. ఊరోళ్లు చాయ పోసి, అటు పోకుండ్రి అంటరు. ఊరోళ్లకు గంతే పని. దయ్యమేమో ఎప్పటికి ఆడదే. దాన్ని ఎవడు సంపిండో ఆఖరి నాలుగు పేజీలల్ల చెప్తరు. గా నాలుగు పేజీలే నాకు గావాల్సింది. మిగిలిన రెండొందలు ఎందుకు రాసిండో రాసినోన్ని అడగాలె."

"మరి తీసేయమంటవా?"

"ఆగుండ్రి సార్, ఇంకొకటి ఇనుండ్రి. మొన్నొక నవలల దయ్యం పత్తి చేన్ల క్రాసింగు చేస్తది. పొద్దుగూకినంక. మేము పన్నెండు మందిమి సాళ్లల్ల కూలబడి నవ్వినం. సాయంత్రానికి మగపువ్వు ఎర్రబడి ముడుసుకపోతది, పుప్పొడి యాడిది? దయ్యానికి గూడ పని నేర్పాలెనా మేము? భయపెట్టాల్ననుకున్నోడు మిగిలినదంత సక్కగ చెప్పాలె సార్. చేను సక్కగ చెప్పు, పువ్వు సక్కగ చెప్పు, పొద్దు సక్కగ చెప్పు. అప్పుడు ఒక్క అబద్ధమాడు. ఒళ్లు జల్లుమంటది."

పుష్పమ్మకు ఊపు వచ్చింది. ఇన్నేళ్లలో తన అభిప్రాయం ఎవరూ అడగలేదు, పత్తి ధర మీద కూడా. ఇప్పుడు అడిగారు. ఇక ఆగేదెట్లా? చెట్టు వెంట చెట్టు దాటుతూ, ఎర్ర కాగితం విప్పి రుద్దుతూ, చెబుతూనే పోయింది.

"మాయా రాజ్యాల బుక్కులకు ముందల ఒక పటం గీస్తరు. అయిదు రాజ్యాలు, మూడు సముద్రాలు, నిప్పుల కొండ. ఒక్క చేను ఉండది. లక్ష మంది సైన్యం నడుస్తుంటది, వాళ్లకు జొన్నలు ఎవలు పండిచ్చిన్రో తెల్వదు. పుట్టంగనే మచ్చ ఉన్న రాజకుమారుడు లోకాన్ని కాపాడ్తడు. మచ్చ లేనోళ్లందరు సావనీకి ఉన్నరు. 'పడుగు దేశం' అట్ల కాదు సార్. ఆడ సచ్చిపోయినోళ్ల పేర్లు చీర అంచుల నేస్తరు. అంచుకెల్లి పోగు గుంజితే, ఆ మనిషి లేచొస్తడు. పేక అని ఒక పిల్ల. మగ్గం మీద పనిచేస్తది. వాళ్లమ్మను తెచ్చుకుందామని పోగు గుంజుతది..."

"పక్క పోగు గుంజింది పాడు పిల్ల," అంది సత్తెమ్మ, ఉండబట్టలేక.

"ఎవరది?" అన్నాడు సారు.

"సత్తెమ్మ సార్. రెండో మనిషిని. రాసుకోండ్రి."

"నువ్వు చదివినవా అమ్మా?"

"నాకు చదువు రాదు. ఇన్న."

"చదివినోళ్లు చెప్పాలనేది ఇక్కడి పద్ధతమ్మా."

"అడుగుండ్రి మరి. ఏదన్న అడుగుండ్రి, చెప్పకపోతే అప్పుడనుండ్రి."

సారు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఆ నవల చదవలేదన్నది ఆ సవరింపులోనే తెలిసిపోయింది. "సరే, రెండో భాగం ఎట్ల అయిపోయింది?"

సాళ్లలో నుంచి నాలుగు గొంతులు ఒకేసారి లేచాయి. సత్తెమ్మ అందరినీ గదమాయించి తానే చెప్పింది. "పక్క పోగు ఊరి పటేలుది. వాడు సచ్చి ఇరవై ఏండ్లు. లేచొచ్చి, ఏమీ కానట్టు గద్దె మీద కూసోని, నీళ్లు తే అంటడు పేకను. ఊరంత వాణ్ని చూస్తది. చూసి, పాత అలవాటుకొద్ది లేచి నిలవడ్తది. గంతే, ఐపోయింది బుక్కు. నాకు రెండు దినాలు అన్నం పోలేదు సార్. వాడొచ్చినందుకు కాదు. వీళ్లు లేచినందుకు."

అవతల ఎవరో చిన్నగా "అబ్బ" అన్నారు. ఎవరో కుర్రగొంతు, గైడ్ల కోసం వచ్చినవాడే అయ్యుండాలి.

సారు మాత్రం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆయన అడిగిన తర్వాతి మాట తీసిపారేసేది కూడా కాదు. "కథ బాగుందమ్మా, కాదనను. నేను ముప్పై రెండేండ్లు ఊర్లల్ల పనిచేసిన. చేతబడి చేస్తరని ముసలోళ్లను చెట్టుకు కట్టి కొట్టిన ఊర్లు చూసిన. మీరేమో దయ్యాలు, మంత్రాలు ఉన్న బుక్కులు పెట్టమంటున్నరు. పిల్లలు నమ్మితే ఎవరు జవాబు చెప్పాలె?"

ఆ పొద్దున మొదటిసారి పుష్పమ్మ వేళ్లు ఆగిపోయాయి. ఇది ఆమె అనుకోని ప్రశ్న. చదువుకున్నవాళ్లు పల్లెను చూసి పెట్టే వంక కాదు ఇది, చూసి భయపడ్డ మనిషి మాట. సత్తెమ్మ వైపు చూసింది. సత్తెమ్మ అప్పటికే తల వంచుకొని ఉంది.

"మా అత్తను కొట్టిన్రు సార్," అంది సత్తెమ్మ. "నేను పెండ్లై వచ్చిన కొత్తల. పక్కింట్ల బర్రె సచ్చింది, ఈమెనే ఏదో చేసిందని. పండ్లు రాలగొట్టిన్రు. అప్పుడు మా ఊర్ల ఒక్క బుక్కు లేకుండె. కొట్టినోళ్లల్ల ఒక్కడు గూడ బుక్కు సదివినోడు కాదు."

గాలికి ఎర్ర కాగితాలు రెపరెపలాడాయి.

పుష్పమ్మకు అప్పుడు తట్టింది. "సార్, మీరన్నదాంట్ల ఒక నిజముంది. ఆ అరల ఒక బుక్కు ఉంది, నల్ల అట్ట. దాంట్ల ఒంటరి ముసలామె మంత్రగత్తె. ఆఖరికి ఊరంత కలిసి ఇంటితోని సహా కాలవెడ్తరు. పండుగ చేసుకుంటరు. రాసినోడు గూడ పండుగ చేసుకున్నడు. సత్తెమ్మకు నేను గా కథ చెప్పలే, సగంల బందు పెట్టిన. గదాన్ని తీసేయుండ్రి, నేనే చెప్తున్న. దయ్యముందా లేదా అని కాదు సార్ చూడాల్సింది. దయ్యమని ఎవల్ని చూపెడ్తున్నడో గది చూడాలె. పేక కథల భయం పటేలును చూసి పుడ్తది. నల్ల అట్ట బుక్కుల ముసలామెను చూసి. రెండు ఒక్కటే ఎట్లైతయి?"

"మూడో మనిషి?" అన్నాడు సారు. గొంతులో పరీక్ష హాలు తగ్గింది.

కాశమ్మ సాళ్లు దాటుకుంటూ వచ్చి, ఫోనుకు బాగా దగ్గరగా, బావిలోకి పిలిచినట్టు అరిచింది. "నేను కాశమ్మను సార్. మాది అడవి. మీ బుక్కులల్ల అడవంటే చీకటి, మా తాతలంటే మంత్రగాళ్లు. అడవిల భయం లేదనను. ఇప్పపువ్వు ఏరవోయినప్పుడు పొదల్లకెల్లి ఎలుగుబంటి ఊపిరి ఇనవడ్తది. అది మనల్ని చూసిందా లేదా తెల్వదు. గంప ఇడిచిపెట్టాల్నా, పట్టుకోవాల్నా గది గూడ తెల్వదు. గట్ల రాసినోడు ఒక్కడు లేడు. ఎవలన్న రాస్తే గూడ పెట్టుండ్రి మీ అరల. ముందైతే మూడో భాగం తేండ్రి. క్రాసింగు ఐపోతే నేను ఊరికి పోత, నాకు ఆఖరు ఇనకుండనే పోవాల్సొస్తది."

ఫోను నిమిషం పాటు గుసగుసలాడింది. సారు ఎవరితోనో అంటున్నాడు, వాళ్లెవరో సారుతో అంటున్నారు. పుష్పమ్మ రుద్దడం మొదలుపెట్టింది గాని ఎన్ని పువ్వులు రుద్దిందో ఆమెకే గుర్తులేదు. ఎకరం కౌలు మాట్లాడుకున్న రోజు కూడా ఇట్లా కాలేదు.

"అర్చనా," అన్నాడు సారు, ఫోనుకు వినబడేట్టే. "ముగ్గురి పేర్లు రాయి. ఇన్నోళ్లు గూడ చదివినోళ్ల కిందికే వస్తరు. అర ఉంటది. గైడ్లకు కిటికీ పక్కన ఇంకో బల్ల చూద్దాం. ఆ నల్ల అట్టది నాకియ్యి, నేను చదివి తీసేస్త. చదవకుండ తీసేయను, ఇంగ గా తప్పు చేయ."

"మూడో భాగం సార్?" పుష్పమ్మ వదల్లేదు.

"బుధవారానికి వస్తది. వచ్చిన దినమే బస్సుకు పంపిస్తది అర్చన."

ఫోను కట్టయ్యేలోపే చేను మీద గోల లేచింది. పేక నీళ్లు ఇస్తుందని ఒకామె, ఇవ్వదని ఇంకొకామె, ఇచ్చినట్టే ఇచ్చి పటేలు అంచు పోగు మళ్లీ నేసేస్తుందని కాశమ్మ. "మొదలు ఆ నిలవడ్డోళ్లు కూసోవాలె. కూసుంటే వాడు ఎవలికి పటేలు?" అంది సత్తెమ్మ. అట్లా అయితే కథలో మజా ఏముంటుందని ఇద్దరు ఆమె మీద పడ్డారు.

పుష్పమ్మ ఎండ వైపు చూసింది. పదకొండు దాటింది, ఇంకా ఆరు సాళ్లున్నాయి. "నోర్లు ఎంతసేపైన ఆడియ్యుండ్రి, చేతులు ఆగితే మాత్రం బుధవారం కథ చెప్ప," అని గట్టిగా అని, తానే అందరికంటే ముందు, పేక నీళ్ల చెంబు ఎత్తి పటేలు నెత్తిన కొడుతుందని వాదిస్తూ పక్క సాలులోకి దిగింది.