పదో అడుగు

పరదాలక్కకి నలభై తొమ్మిదేళ్ళు. ఏది కొన్నా ధర అడిగి, తన ధర చెప్పి, పది అడుగులు నడిచి, వెనక్కి పిలుస్తారేమోనని చెవి ఒగ్గడం ఆమె అలవాటు. కూరగాయల దగ్గర మూడో అడుగుకే పిలుపు వచ్చేది. బట్టల కొట్టువాళ్ళు ఏడో అడుగు దాకా బిగబట్టేవాళ్ళు. పదో అడుగు దాకా ఆమెని పోనిచ్చినవాళ్ళు ఇంతవరకూ లేరు. "మీ ఆవిడ నోటితో కాదండీ, కాళ్ళతో బేరమాడుతుంది" అని దారాల కొట్టాయన ఆమె భర్తతో అనేవాడు.

ఆమె పని కిటికీ పరదాలు కుట్టడం. ఇంటి ముందుగదిలో మిషను, గోడకి రింగులూ కొక్కేలూ నింపిన డబ్బాలు, మెడలో టేపు. భర్త లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. పని మీద నాలుగు ఊళ్ళూ తిరిగేవాడు కాబట్టి ఇళ్ళకి వెళ్ళి కిటికీల కొలతలు తేవడం, కుట్టినవి పట్టుకెళ్ళి తగిలించి రావడం ఆయన వంతు. ఆడమనిషి పరాయి ఇళ్ళలో స్టూలెక్కి నిలబడితే ఏం బావుంటుందని పెళ్ళయిన కొత్తలో ఆయన తీర్మానించాడు. ఆ తీర్మానానికి పాతికేళ్ళు నిండాయి. ఈ పాతికేళ్ళలో ఆమె కుట్టిన పరదాలు ఏ నాలుగు వేల కిటికీలకో వేలాడుతున్నాయి. వాటిలో ఒక్క కిటికీని కూడా ఆమె చూడలేదు. చీటీ మీద వెడల్పు, ఎత్తు, రంగు, అంతే. "వీళ్ళ కిటికీలోంచి ఏం కనిపిస్తుందండీ?" అని మొదట్లో అడిగేది.

"ఏముంటుంది, బయట" అనేవాడు ఆయన.

ఒక్క చీటీని మాత్రం ఆమె పారెయ్యలేదు. వెడల్పు పదకొండు అడుగులు, ఎత్తు అడుగున్నర. రేవు దాటాక కొండ మీద ఇల్లు. కుట్టి పంపించి పదమూడేళ్ళయింది. ఆ సన్నటి చీలిక లాంటి కిటికీ ఎవరు పెట్టించుకున్నారు, ఎందుకు పెట్టించుకున్నారు, అంత పొడుగునా పరుచుకుని ఉన్నది ఏమిటి? సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు కూడా ఆమెకి ఇదే ధ్యాస. చీటీ మడతల దగ్గర చిరిగితే వెనక అస్తరు గుడ్డ అంటించి దాచుకుంది.

ఆమె నీడకి ఇంత ఓపిక లేదు. రోజూ మధ్యాహ్నం మూడు కాగానే మిషను దగ్గర నుంచి లేచి, గుమ్మం దాటి, మెట్లు దిగి వెళ్ళిపోయేది. "అక్కా, నీ నీడ బస్సుల వైపు వెళ్ళింది. ఇవాళ ఎందుకో హడావిడిలో ఉంది" అని పక్కింటి నర్సు డ్యూటీ నుంచి వస్తూ చెప్పేది. లైట్లు వేసే వేళకి అది తిరిగొచ్చి ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడేది. ఒక్కో రోజు దాని అంచు తడిగా ఉండేది. ఒక్కో రోజు దులిపితే ఇసక రాలేది. నీడ నోరు విప్పి చెప్పేది కాదు కదా, ఎక్కడికెళ్ళావే అని అడిగి లాభం లేదు. చీపురు తీసే ముందు ఆ ఇసకని రెండు వేళ్ళ మధ్య నలుపుకుంటూ కాసేపు నేల మీదే కూర్చునేది. ఒకసారి నాలుక చివర పెట్టుకుని చూసింది. ఉప్పగా ఉంది. ఆ రాత్రి అన్నంలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది.

"నీడనైనా ఇంటిపట్టున ఉంచుకోవడం చేతకాదు నీకు" అని భర్త విసుక్కునేవాడు. "మా అమ్మ నీడ చచ్చేదాకా వంటింటి గడప దాటి ఎరగదు."

అత్తగారి నీడ సంగతి ఆమెకి తెలుసు. పొయ్యి పక్క గోడకి అంటుకుపోయి, రెండుసార్లు సున్నం వేయించినా పోలేదు.

నలభై ఏడో ఏట పరదాలక్క కారు నడపడం నేర్చుకుంది. నేర్పిన పెద్దావిడ తెల్ల జుట్టు కత్తిరించుకుని, కిటికీ మీద మోచెయ్యి ఆనించుకుని కూర్చునే మనిషి. "బ్రేకు మీంచి కాలు తియ్యి తల్లీ. పుట్టినప్పట్నుంచీ దాని మీదే పెట్టుక్కూర్చున్నావు" అనేది. స్టీరింగుని గడియారం అనుకోమని, చేతులు ఎక్కడుండాలో చూపించింది, ఒకటి పది మీద, ఒకటి రెండు మీద. లైసెన్సు ఇంటికొచ్చిన రోజు భర్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటో బాగా రాలేదన్నాడు.

స్కూటరు వెనకసీటు ఖాళీగా ఉండగా కారెందుకో ఆయనకి బోధపడలేదు. రోజంతా పైకీ కిందికీ తిరిగే మనిషికి ముందుకి పోవాలన్న కోరిక ఎలా అందుతుంది? కానీ రెండేళ్ళు అదనంగా కుట్టి ఆమె కారుకి సరిపడా కూడబెట్టాక మాత్రం, "నేనూ వస్తా పద, కారు బేరం ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదు" అన్నాడు.

షోరూము నిండా గాజు గోడలూ, కొత్త రబ్బరు వాసనా. గుమ్మంలోనే నీలం టై కట్టుకున్న సేల్స్‌మాన్ ఎదురొచ్చి, సార్‌కి కుర్చీ వేసి, సార్‌కి మంచినీళ్ళిచ్చి, సార్ ఏ మోడల్ అనుకుంటున్నారని అడిగాడు. ఇంజను గురించీ మైలేజీ గురించీ సార్‌కే చెప్పాడు. రంగు దగ్గరికొచ్చాక గుర్తొచ్చినట్టు, "మేడమ్‌కి ఏ రంగు ఇష్టం?" అన్నాడు.

మేడమ్ అక్కడ లేదు. అద్దం పక్కన ఎండలో నిలబెట్టిన చిన్న ఆకుపచ్చ కారు తలుపు తీసి, మెడలో టేపు లాగి, వెనకసీటు కొలుస్తోంది.

"సీట్లకి కూడా పరదాలు కుడతావా ఏం?" అని భర్త నవ్వాడు. నీలం టై కూడా మర్యాదకి నవ్వాడు.

"ఊరికే" అంది ఆమె. నిజంగా ఊరికేనే. చూసిన ప్రతిదాన్నీ కొలిస్తే గాని ఊరుకోని చేతులు.

ఈలోగా భర్త బేరం మొదలుపెట్టి ముగించేశాడు కూడా. లాస్ట్ ఎంతండీ అని అడిగాడు, నీలం టై ఒక అంకె చెప్పాడు. రేపు వాన పడుతుందని విన్నవాడిలా ఆయన తల పంకించాడు. మగవాడి బేరం అంటే అంతే. నష్టం పరువుకి కాకుండా జేబుకి రావాలి.

ఆమె వచ్చి కూర్చుని ధరల కాగితం తన వైపు తిప్పుకుంది. సంచీలోంచి తన కాగితం తీసి పక్కన పెట్టింది. నెల రోజులుగా ఇంకో రెండు షోరూములకి ఫోన్లు చేసి, ఇన్సూరెన్సు ఏజెంటుని అడిగి, వరస వరసా రాసుకున్న కాగితం అది.

"హ్యాండ్లింగ్ ఛార్జీలంటే ఏమిటి బాబూ?"

"గోడౌను నుంచి బండిని ఇక్కడికి తేవడానికి మేడమ్."

"భుజాన ఎత్తుకుని తెచ్చారా? చక్రాలున్నాయిగా."

నీలం టై సార్ వైపు చూశాడు. సార్ పైకప్పు వైపు చూశాడు. ఆమె వేలు కిందికి జరిగింది. ఇన్సూరెన్సు బయట చవగ్గా వస్తుంది, తనే తెచ్చుకుంటానంది. సీటు కవర్లు వద్దంది, కుట్టుకోవడం వచ్చంది. మెరుపు పూత ఎందుకు, మెరవాల్సిన అవసరం తనకి లేదంది. బండి తయారైంది కిందటేడు చివర్లో, తలుపు అంచున రేకు మీద చదివానంది, దానికి తగ్గింపు రావాలంది. అవన్నీ ఒకే ప్యాకేజీ, విడదీయడం కుదరదని నీలం టై అన్నాడు.

"నేనూ పరదాకి రింగుల ఛార్జీ అని విడిగా రాస్తాను" అంది ఆమె. "ఆ రింగులు ఎంతకొస్తాయో నాకు తెలుసు, కుట్టించుకునేవాళ్ళకి తెలీదు. ఎవరైనా అడిగితే ఆ ఛార్జీ కొట్టేస్తాను. ఇప్పుడు నేను అడుగుతున్నాను."

"పరువు తియ్యకు" అని భర్త పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

నీలం టై చేతులు కట్టుకుని, ఈ బండి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారని, చెప్పిన ధరకైతే సరేనని అన్నాడు.

ఆమె లేచింది. సంచీ భుజానికి తగిలించుకుని తలుపు వైపు నడిచింది. మూడో అడుగు అయింది. ఏడో అడుగు అయింది. తొమ్మిదో అడుగుకి వేగం తగ్గించింది. పదో అడుగు గాజు తలుపు గడప మీద పడింది.

ఎవరూ పిలవలేదు.

వెనక్కి తిరిగింది. నీలం టై చిరునవ్వుతో గడ్డం ఎత్తి ఆకుపచ్చ కారు వైపు చూపించాడు. డ్రైవరు సీట్లో ఆమె నీడ కూర్చుని ఉంది. ఒక చెయ్యి పది మీద, ఒక చెయ్యి రెండు మీద. బెల్టు కూడా పెట్టుకుంది.

"మీ నీడ ఇక్కడే ఉంది మేడమ్. మీరెక్కడికి పోతారు?"

ఆమె ముఖంలోకి రక్తం ఎగజిమ్మింది. చీర కొట్లో, గిన్నెల కొట్లో, ఎక్కడా ఇలా దొరికిపోలేదు. అక్కడ అంత తేలిగ్గా నడిచెళ్ళిపోగలిగింది కాళ్ళ బలం వల్ల కాదని, ఆ వస్తువుల్లో ఏ ఒక్కటీ తనకి నిజంగా అక్కర్లేకపోవడం వల్లేనని ఆ గడప మీద నిలబడి తెలుసుకుంది. ఇది కావాలి. కడుపులో నొప్పిలా కావాలి. దాచుకుందామంటే నీడ అందరి ఎదుటా సీటెక్కి కూర్చుంది.

భర్తకి మాత్రం గుండె మీంచి బరువు దిగినట్టయింది. "పోనీలే, వచ్చే ఏడాది చూద్దాం. నీడదేముంది, పొద్దు వాలితే అదే వస్తుంది" అంటూ బయటికెళ్ళి స్కూటరు స్టార్టు చేశాడు. రెండుసార్లు హారను కొట్టాడు. పాతికేళ్ళుగా ఆ రెండు హారన్లు వినగానే ఆమె కాళ్ళు వాటంతటవే గుమ్మం దిగి వెనకసీటు ఎక్కేవి. ఇవాళ కదల్లేదు. బయట ఎండ మండిపోతోంది, నీడ లేకుండా అందులోకి ఎలా దిగడం? తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. భర్త స్కూటరుని చెట్టు కిందికి జరిపి, దాని మీదే కాచుక్కూర్చున్నాడు.

అరగంటకి ఒక కంట్రాక్టరు వచ్చాడు. ఆయనకి కారు అప్పటికప్పుడు కావాలి, ఆకుపచ్చదైనా సరే. నీలం టై పరుగున వెళ్ళి తలుపు తీశాడు. కంట్రాక్టరు డ్రైవరు సీట్లో కూలబడి, అంతలోనే దిగ్గున లేచాడు.

"ఎవరో కూర్చునున్నారు కదయ్యా."

"నీడే సార్, కాస్త సర్దుకుని కూర్చోండి."

"పరాయి ఆడమనిషి ఒళ్ళో కూర్చోమంటావా? అయినా ఒకరు కూర్చున్న బండి కొత్త బండి ఎలా అవుతుంది, సెకండ్‌హ్యాండ్ ధర చెప్పు." నీలం టై ధరల కాగితం అందుకునేలోపు ఆయన అడుగులు లెక్కపెట్టకుండానే వెళ్ళిపోయాడు.

అప్పుడు గాజు క్యాబిన్‌లోంచి మేనేజరమ్మ వచ్చింది. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తెరలు దించి, లైట్లు ఆర్పించి చూసింది. చీకట్లో నీడ ఇంకా హాయిగా వెనక్కి జారబడింది. మళ్ళీ లైట్లు వేయించి పరదాలక్క దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మీ నీడని కాస్త దించండి."

"నా మాట వినదండీ. వినే రకమైతే పాతికేళ్ళుగా ఇంట్లోనే ఉండేది."

మేనేజరమ్మ ఆమె చేతిలో కాగితం అడిగి తీసుకుంది. నిలబడే చదివింది. మధ్యలో ఒకచోట పెదవి చివర చిన్నగా నవ్వింది, బహుశా రింగుల దగ్గర. "ఎవరు వేశారీ లెక్క?"

"నేనే."

"తప్పేం లేదు ఇందులో" అంది మేనేజరమ్మ. "సరే, ఈ ధరకే ఇస్తాను. ఇంకో పది వేలు కూడా తగ్గిస్తాను, బండి ఇవాళే తీసుకెళ్ళిపోండి."

"పది వేలు వద్దు. నేను రాసింది న్యాయంగా రావాల్సిన ధర. అంతకన్నా తగ్గితే బండిలో ఏదో లోపముందని మా ఇంట్లో ఇంకో పాతికేళ్ళు వినాలి."

నీలం టై ఫారం తీసి, సార్ పూర్తి పేరేమిటని అడిగాడు.

"సార్ స్కూటరు మీదున్నారు" అంది పరదాలక్క. "నా పేరు రాయి."

తాత్కాలిక నంబరు అంటించి, బండిని నీడతో సహా బయటికి తోసేసరికి నాలుగు దాటింది. ఆమె కారు తలుపు తీసింది. నీడ లేవలేదు, పక్కకి జరగలేదు. ఆమె దాని మీదే కూర్చుంది. మెడ దగ్గర, భుజాల దగ్గర, మోకాళ్ళ దగ్గర ఎక్కడా వదులు లేకుండా సరిపోయింది, కొలతిచ్చి కుట్టించుకున్నట్టు. చేతులు పది మీదా రెండు మీదా పెట్టింది. సంచీలోంచి అస్తరు అంటించిన చీటీ తీసి స్పీడు ముల్లు ముందు నిలబెట్టింది.

భర్త స్కూటరు దిగకుండానే కిటికీ దగ్గరికి వచ్చాడు. ఎంతకిచ్చారని అడిగాడు. విన్నాక, తను మొదట్లో గట్టిగా అడగబట్టే వాళ్ళు దిగొచ్చారన్నాడు. "నేను వెనకే వస్తా. మెల్లగా పోనీ. గేటు దాటాక ఎడమకి తిప్పు" అన్నాడు.

గేటు దాటాక ఎడమ వైపు ఇల్లు. కుడి వైపు రోడ్డు, దాని చివర రేవు.

ఆమె గేటు దగ్గర ఆగింది. ఇండికేటరు వేసింది ఆమె చెయ్యో నీడ చెయ్యో చెప్పడం కష్టం, రెండూ ఒక్కచోటే ఉన్నాయి. కుడి వైపు దీపం టిక్కుటిక్కుమంది. వెనక నుంచి స్కూటరు రెండుసార్లు హారను కొట్టింది. ఆమె బ్రేకు మీంచి కాలు తీసింది.

ఆ రాత్రి పరదాలక్క ఇంటికి రాలేదు. నాలుగో రోజు వచ్చి, పక్కింటి నర్సు సాయంతో మిషను వెనకసీట్లోకి ఎక్కించుకుని మళ్ళీ వెళ్ళిపోయింది. ఆ రోజు ఊరికే తీసిన కొలత సరిపోయింది.