భూపాల్ ఆటో నంబరు

మహబూబాబాద్ రైల్వే స్టేషన్ ముందర ఆటో నడిపే యోసేపుకు ఒక సరదా ఉంది. ఎదురొచ్చిన బండి నంబరులోని నాలుగంకెల్ని కలిపో, తీసేసో, గుణించో, భాగించో ఇరవై నాలుగు చెయ్యాలి. నాలుగంకెల్నీ వాడాలి, ఒక్కోదాన్ని ఒక్కసారే. కూతురు ప్రవళికను బడిలో దింపే రోజుల్లోనే ఆమెకీ ఈ ఆట అంటించాడు. ఇప్పుడామె డిగ్రీలో కంప్యూటర్లు చదువుతోంది. ఆటలో తండ్రిని ఎప్పుడో దాటేసింది.

ఇద్దరికీ కొరుకుడుపడని నంబరు ఒక్కటే. అది అదే అడ్డాలోని భూపాల్ ఆటోది: 3388.

"నా బండి నంబరు ఎవ్వలకూ లొంగదు, యోసేపన్నా!" అని భూపాల్ అందరి ముందూ నవ్వేవాడు.

ప్రవళికకు పౌరుషం వచ్చింది. కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని ప్రోగ్రాం రాసింది. ఏ రెండంకెల్ని పట్టుకున్నా వాటితో అన్ని లెక్కలూ చేసి, వచ్చినదాన్ని మిగతావాటితో మళ్ళీ కలిపి చూస్తుందది. తెలిసిన నంబర్లిస్తే రెప్పపాటులో జవాబులు చెప్పింది. 3388కి మాత్రం "రాదు" అంది.

"కంప్యూటరే రాదన్నంక ఇంకేంది బిడ్డా, ఇడిసిపెట్టు," అన్నాడు యోసేపు. పక్కనే ఉన్న భూపాల్ మీసం మెలేశాడు.

ఆమె మనసొప్పలేదు. మర్నాడు ప్రోగ్రాంను ఇంకోలా అడిగింది: ఇరవై నాలుగు రాకపోతే పోనీ, దానికి అన్నిటికన్నా దగ్గరగా ఏమొచ్చింది?

తెరమీద 23, చుక్క, దాని వెనక వరసగా తొమ్మిదులు.

"మేడం, గిది ఇరవై నాలుగే!" కుర్చీలోంచి లేచి అరిచింది ప్రవళిక.

లెక్చరర్ అరుంధతి వచ్చి చూసి నవ్వింది. "మూడో వంతును దశాంశాల్లో రాస్తే ఎక్కడో ఒకచోట తెగ్గొట్టాలి కదా. ఆ వెంట్రుకవాసి తేడాకే నీ ప్రోగ్రాం జవాబును పారేసింది. ఇప్పుడేం చేస్తవ్?"

"దశాంశాలే వద్దు మేడం. భిన్నాన్ని భిన్నంగనే ఉంచుత. పైది పైన, కిందిది కింద."

మధ్యాహ్నం అన్నం మాట మరచి ప్రోగ్రాంను తిరగరాసింది. ఈసారి జవాబు తెరమీద నిలబడింది. ఆమె ఒక్క ఉరుకున అడ్డాకు చేరింది.

"నాయినా, ఎనిమిదిని మూడుతోని భాగించు."

"రెండు, ఇంక మూడింట రెండొంతులు."

"గది ఇంకో మూడులకెల్లి తీసెయ్."

"మూడో వంతు మిగిలింది."

"ఇంకో ఎనిమిది ఉన్నది గద! దాంట్ల గసొంటి మూడో వంతులు ఎన్నుంటయి?"

యోసేపు పెదాలు కదిలాయి. "ఒక్కోదాంట్ల మూడు... ఎనిమిది మూళ్ళు... ఇరవై నాలుగు! అరే, ఇరవై నాలుగు!"

అతను కూతురి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. అడ్డాలోని ఆటోలన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి. రైలు దిగి వస్తున్న జనం ఏమైందోనని ఆగి చూశారు.

అందరికన్నా ఎక్కువ సంబరపడింది భూపాల్. "జర ఇంకోసారి చెప్పు బిడ్డా, నోటికి పట్టుకుంట," అని బతిమాలి నేర్చుకున్నాడు. సాయంత్రానికల్లా ఎక్కిన ప్రతి ప్రయాణికుడితో, "నా బండి నంబరు చూసిన్రా సార్? గిది అల్లాటప్ప నంబరు గాదు. మా ప్రవళిక ఇప్పింది!" అని మొదలుపెట్టాడు.