నీళ్ళలోకి నడిచిన మనేబా

సోమవారం పొద్దున్నే పాఠాలు మొదలవక ముందు అరొయిటా చంకలో రెండు చాపలు పెట్టుకుని మనేబా అనే గోడల్లేని పెద్ద సావడి చివరిదాకా నడిచి వస్తుంది. చూరు కిందికి ఉంటుంది గనక ఎంతటి వాళ్ళయినా వంగే లోపలికి రావాలి. ఆవిడా వంగి, చెప్పులు బయట విడిచి, గులకరాళ్ళ నేల మీద మెల్లగా అడుగులేస్తూ వెళ్తుంది. కొత్త స్తంభం లేచి ఉంటే దాని మొదట్లో మొగలాకు చాప పరుస్తుంది. లేకపోతే చాపలు వెనక్కి తెచ్చేసుకుంటుంది. ఆ తర్వాతే టీ.

ఆవిడ పనిచేసే విశ్వవిద్యాలయానికి కేంద్రం ఫిజీలో, సువా నగరంలో ఉంది. పసిఫిక్‌లోని చిన్నా చితకా దీవులన్నిటికీ ఉమ్మడిగా అదొక్కటే. ఆవిడ ఉండే టరావా దీవిలో దాని శాఖ అంటే రెండు తరగతి గదులు, ఒక ఆఫీసు, జనరేటరు కొట్టం, వాటి వెనక ఈ మనేబా. గదులు సువావాళ్ళు కట్టించారు. మనేబా మాత్రం దానంతటదే పెరుగుతుంది. చదువుకోవడానికి ఎవరో రాబోతున్నారనగా ఒక పగడపురాతి స్తంభం నేలలోంచి లేస్తుంది, మొగలాకు కప్పు అక్కడిదాకా సాగుతుంది. వారమో నెలో గడిచాక ఆ మనిషి వస్తాడు. కస్టమ్స్ గుమాస్తా కావచ్చు, ముగ్గురు పిల్లల తల్లి కావచ్చు, ఓడ ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన నావికుడు కావచ్చు. స్తంభానికి వీపు ఆనిస్తే, తన చోటైతే ఆ రాయి వెన్నుకి చక్కగా అతుకుతుంది. కాకపోతే ఏదో ఒక మొన గుచ్చుతుంది. సువాలో భవనాల విభాగం వాళ్ళు దీన్ని ఏటా 'అదనపు విస్తీర్ణం' అని రాసుకుంటారు.

ఆ ఏడు జూన్‌లో సువా నుంచి కెలెరా వచ్చింది. నలభై దాటిన ఫిజీ మనిషి. ప్రణాళికల విభాగంలో ఉద్యోగం. రాబోయే పదిహేనేళ్ళలో ఏ దీవిలో ఏ శాఖ ఉండాలి, ఏది మూసెయ్యాలి, దేన్ని దేంతో కలపాలి అన్నది రాసి విశ్వవిద్యాలయ పాలకమండలి ముందు పెట్టాల్సింది ఆమే. ఎందుకొచ్చిందో అరొయిటాకి తెలుసు. అయినా మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పిలిచింది.

మంచె మీద కూర్చున్నారు. చేప, చామదుంప, కొబ్బరిపాలతో ఉడికించిన సీమపనస. అరొయిటా భర్త ఉరియాం జర్మనీ ఓడల్లో పాతికేళ్ళు పనిచేసి వచ్చినవాడు. ఇప్పుడు పొద్దునా సాయంత్రం కొబ్బరిచెట్లెక్కి కల్లు గీస్తాడు.

"సువా నుంచి ఎవరొచ్చినా ఇంతే, అమ్మాయ్. విమానం దిగగానే ముందు నేల వంక చూస్తారు, ఇంకా ఉందా లేదా అని," అన్నాడు ఉరియాం.

"ఉంది, చూశాను. కాస్త సన్నబడింది," అంది కెలెరా.

"సన్నబడటం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. నేలకైనా అబ్బింది."

అరొయిటా మొగుడి వంక ఓ చూపు చూసి, కెలెరా ఆకులో ఇంకో ముక్క వేసింది. "చెప్పెయ్యమ్మా. తిన్నాక చెప్పడం కన్నా తింటూ చెప్తేనే నయం. మమ్మల్ని మూసేస్తున్నారు, అంతేగా?"

కెలెరా దాచలేదు. "గదులు మూసి, పాఠాలు ఫోన్లో చెప్పాలని రాశాను. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మీరే చెప్పండి, ఏం రాయమంటారు? లెక్చరరు ఏడాది తిరక్కుండా వెళ్ళిపోతాడు. డీజిలు ఓడ ఆలస్యమైతే పాఠాలు ఉండవు. చదివినవాళ్ళు ఆస్ట్రేలియా వీసాకి వరస కడతారు. ఫిబ్రవరి పోటుకి గదుల్లో మోకాలి లోతు నీళ్ళు. మండలిలో ఒక్కటే అడుగుతారు, అక్కడ పెట్టిందంతా నీళ్ళ పాలే కదా అని. నిజంగానే నీళ్ళ పాలు."

"సూది వెయ్యడం ఫోన్లో నేర్చుకున్న నర్సు చేత సూది వేయించుకుంటావా నువ్వు?"

"వేయించుకోను."

"మరి?"

"మా ఊరు ఫిజీలో 'వానువా లేవు' అనే దీవి తీరంలో ఉండేది, అక్కా," అంది కెలెరా. ఆ మాట ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలీదు. అప్పటిదాకా 'అరొయిటా గారూ' అంటోంది. "ఇంకో ఏడు చూద్దాం, ఇంకో ఏడు చూద్దాం అన్నారు పెద్దవాళ్ళు. చివరికి ఊరిని కొండ మీదికి మార్చేసరికి మా నాన్న సమాధి నీళ్ళలోకి పోయింది. మా అమ్మ ఆ వైపు కిటికీ తెరవదు. ఆలస్యం చేస్తే ఏమవుతుందో నాకు లెక్కలు చూస్తే గానీ తెలీని సంగతి కాదు."

ఉరియాం కల్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఎండ తగ్గాక, ఆటు సమయానికి, అరొయిటా ఆమెని మనేబా చివరికి తీసుకెళ్ళింది.

కెలెరా అంతకు ముందు దాన్ని విస్తీర్ణం అంకెలుగానే చూసింది. లోపల నడుస్తూ ఉంటే స్తంభాలు రెండు పక్కలా వస్తూనే ఉన్నాయి. చాపలున్న చోట్లు దాటారు. ఇసకబస్తాల గోడ దగ్గర నేల అయిపోయింది, మనేబా మాత్రం అయిపోలేదు. గోడని మధ్యలో వదిలేసి, రెండు వరసల స్తంభాలు అలాగే సముద్రపు మడుగులోకి దిగి వెళ్ళాయి. వాటి మీద కప్పు, కొత్త మొగలాకు వాసన వేస్తూ. ఆటుకి నీళ్ళు వెనక్కి తీసి, తడి ఇసక అద్దంలా పరుచుకుని ఉంది. అందులో స్తంభాలు తలకిందులుగా నిలబడ్డాయి. ఇంకా అవతల మోకాలి లోతు, ఆపైన నడుం లోతు నీళ్ళు. పడమటి వెలుగు చూరు కింద నుంచి దూరి ఆ చివరిదాకా పడుతోంది. గాలి లేదు. చిన్న చేపలు గుంపుగా వచ్చి ఒక స్తంభం చుట్టూ తిరిగి, రెండో దాని దగ్గరికి వెళ్ళాయి, తరగతి గది వెతుక్కునేవాళ్ళలా.

కెలెరా చేతిలో చెప్పులు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది. ఎంత పెద్ద చర్చిలో కూడా ఆమెకి మాట్లాడాలంటే అంత సంకోచం కలగలేదు.

"ఎప్పట్నుంచి?" అంది చివరికి, గొంతు తగ్గించి.

"మార్చి నుంచి ఇటే పోతోంది. సువాకి రాయలేదు. రాస్తే శాఖ మునిగిపోతోందని రాసుకుంటారు."

"మునగడం కాదా ఇది?"

"ఒక్కో చోటూ ఒక్కో మనిషికి వస్తుంది. రానివాళ్ళకి ఎప్పుడూ రాలేదు. ఇక్కడ కూర్చునేవాళ్ళు ఎవరో, ఎలా కూర్చుంటారో నాకు తెలీదు. కానీ వస్తారు." అలా అంటూ అరొయిటా తడి ఇసక మీదుగా వెనక్కి నడిచింది.

కెలెరా ఇంకొంచెం దూరం వెళ్ళింది. చీర పైకి దోపుకున్నట్టు తను లుంగీలా చుట్టుకున్న సులు అంచు నడుం దగ్గర దోపుకుంది. కప్పు ఆగిపోయిన చోట, ఆఖరి స్తంభం దగ్గర, అరికాల్లో ఏదో గవ్వముక్క గుచ్చుకుంటే దాన్ని తియ్యడానికి ఒక కాలు పైకెత్తి, వీపు రాతికి ఆనించింది.

రాయి అతికింది. మెడ కింద నుంచి నడుం దాకా, ఎక్కడా సందు లేకుండా, ఎన్నో ఏళ్ళుగా ఆమె కోసం అరిగినట్టు. గవ్వ తీసేశాక కూడా ఎత్తిన కాలు దించడం ఆమె మర్చిపోయింది.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున అరొయిటా రోజూలాగే టీ కప్పు పట్టుకుని తన స్తంభానికి ఆనుకుంది. ముప్పై ఏళ్ళ కిందట ఆ శాఖలో తొలి విద్యార్థుల్లో ఒకతెగా కూర్చున్న చోటది. అక్కడే లెక్కల టీచరయ్యాకా, ఆ శాఖకే పెద్దయ్యాకా కూడా ఆ చోటు మార్చలేదు. ఈసారి భుజాల మధ్య ఏదో గుచ్చింది. జాకెట్టు హుక్కేమో అనుకుని సర్దుకుంది. మళ్ళీ గుచ్చింది. పక్కకి జరిగి, మళ్ళీ వచ్చి ఆనుకుంది. గుచ్చింది.

టీ అలాగే వదిలేసి ఇంటికి వెళ్ళింది. ఉరియాం కల్లుముంతలు కడుగుతున్నాడు.

"నా చోటు గుచ్చుతోంది," అంది.

అతను ముంత కింద పెట్టాడు. ఒక మనిషిని చోటు వదిలేసిందంటే ఆ మనిషి ఇక అక్కడ ఉండడని అర్థం. అతని చిన్నాన్నని గుచ్చిన నెలకే ఓడ మీద పోయాడని కబురొచ్చింది. ఎదురింటి మెరిటాని గుచ్చాక ఆమె బ్రిస్బేన్ వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"బ్రిస్బేన్‌లో మనకెవరున్నారు?" అన్నాడు ఉరియాం.

"ఎవరూ లేరు."

"అయితే ఆస్పత్రికి పద."

"నొప్పేం లేదయ్యా. ఏమని చెప్పను డాక్టరుకి, రాయి గుచ్చిందనా?"

ఆ సాయంత్రం అతను చెట్టెక్కాడు. కల్లు గీసేవాళ్ళు చెట్టు మీద పాడతారు. ఉరియాం గొంతు వీధి చివరికి వినబడుతుంది. ఆ రోజు చెట్టు మీంచి కత్తి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఇరుగుపొరుగు తలెత్తి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళారు.

కెలెరా విమానం మర్నాడు. చెప్పి వెళ్దామని మనేబాకి వస్తే, అరొయిటా చాప మధ్యలో నిటారుగా, దేనికీ ఆనుకోకుండా కూర్చుని ఉంది.

"నడుం నొప్పా, అక్కా?"

అరొయిటా చెప్పింది. చెప్పడం అయ్యాక, "ఒక్కటి చేసిపెట్టు. మూసేస్తామన్న మాట నేను పోయాక రాయండి. అంతదాకా ఆగండి," అంది.

కెలెరా ఆవిడ పక్కన చతికిలబడింది. కాసేపు గులకరాళ్ళు ఏరి కుప్ప పెట్టింది.

"మొన్న నా వీపు అతికింది," అంది.

అరొయిటా తల తిప్పింది. "ఎక్కడ?"

"ఆ చివర. నీళ్ళలో."

అరొయిటా గొంతులో టీచరు నిద్ర లేచింది. "పోటు వస్తే నీళ్ళు నీకు గొంతుదాకా వస్తాయి. ఎలా కూర్చుంటావ్?"

"రాత్రంతా అదే ఆలోచించాను. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూలాలు కట్టి పలకలు పరవాలి. నీళ్ళతో పాటు పైకి లేచేట్టు తాళ్ళతో కట్టాలి. మీ ఆయనకి ముళ్ళు వెయ్యడం వచ్చా?"

"పాతికేళ్ళు అదే పని."

"నేనిక్కడికొస్తే సువాలో నా కుర్చీ ఖాళీ అవుతుంది, అక్కా. దానికి వెనక చక్రం ఉంటుంది. తిప్పితే ఎవరి వీపుకైనా సరిపోతుంది."

అరొయిటాకి అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. "ముప్పై ఏళ్ళుగా మీ విభాగాన్ని తిట్టని రోజు లేదు నేను."

"అక్కడ కూర్చుంటే ఎవర్నీ వెతుక్కోకుండా తిట్టుకోవచ్చు."

సంగతి విని ఉరియాం, "చావు కాదన్నమాట. సువా. కాస్త నయమే," అన్నాడు. కానీ ఆ సాయంత్రం చెట్టు మీంచి దిగడానికి అతనికి చాలాసేపు పట్టింది, పాటలన్నీ అయ్యేదాకా దిగలేదు గనక.

అంత తేలిగ్గా ఏమీ జరగలేదు. కెలెరా వదిలిన ఉద్యోగానికి ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్ళతో పాటు అరొయిటానీ ఇంటర్వ్యూ చేసి, చివరికి ఆవిడకే ఇచ్చారు. సువా వానలకి ఆవిడకి దగ్గు పట్టుకుంది. కొండలు చూస్తే ఊపిరాడట్లేదని ఫోన్లో మొగుడికి చెప్పేది. అయినా నవంబరులో మండలి కూర్చున్నప్పుడు ప్రణాళిక చదివింది ఆవిడే.

మండలి అధ్యక్షుడు సమోవా పెద్దమనిషి, నెమ్మదస్తుడు. "అమ్మా, పదిహేనేళ్ళ తర్వాత అక్కడ నేల ఉంటుందో లేదో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఎవరి కోసం వేస్తున్నాం ఈ ప్రణాళిక?" అని అడిగారు.

"నేల కోసం కాదండి. నేల అడగట్లేదు నేను. స్తంభాలు అవే వస్తాయి. పలకలు కావాలి, తాళ్ళు కావాలి, ఏడాది తిరక్కుండా పారిపోని టీచర్లు కావాలి. టీచర్లు ఉండాలంటే వాళ్ళకి ఇళ్ళు కావాలి, ఆ ఇళ్ళు కూడా తేలాలి."

"ఎంతమంది వస్తారని మీ అంచనా?"

"నిన్నటికి స్తంభాలు పగడపు దిబ్బ దాకా వెళ్ళాయని మా ఆయన చెప్పాడు. పడవ మీద వెళ్ళి చూశాడు. దిబ్బ అవతల లోతెక్కువ. అక్కడ కూడా, నీళ్ళ అడుగున, తెల్లగా వరసలో కనబడుతున్నాయట. ఇంకా పైకి రాలేదు. ఎంత దూరం ఉన్నాయో అతనికి కనబడలేదు."

అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కిటికీలోంచి రేవు వైపు చూశారు. తర్వాత టరావా పేరు ఎదురుగా ఉన్న 'మూసివేత' అన్న మాట కొట్టేయమని మెల్లగా చెప్పారు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఫిబ్రవరిలో పెద్ద పోటు వచ్చింది. కెలెరా నీళ్ళలోని తన స్తంభం దగ్గర, పలకల మీద, గణాంకాల పాఠం చెప్తోంది. విద్యార్థులు పొద్దున పడవల్లో వచ్చి తలో రాతికి ఆనుకున్నారు. పడమటి గాలి లేచింది. మడుగు ఉబ్బి, ఇసకబస్తాల గోడ మునిగి, తీరానికీ వాళ్ళకీ మధ్య నేలన్నది కనబడకుండా పోయింది. ఉరియాం కట్టిన తాళ్ళు కిర్రుమన్నాయి. పలకలు కొద్దికొద్దిగా పైకి లేచాయి. ఒక అల వాటి మీదుగా జారి, అందరి కాళ్ళూ తడిపి వెళ్ళింది.

'లేవండి' అన్న మాట కెలెరా నోటిదాకా వచ్చింది.

ఎవరూ కదల్లేదు. ముందు వరసలో చంటిపిల్ల తల్లి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. నావికుడు పుస్తకాల సంచీ తీసి మెడకి తగిలించుకున్నాడు. అందరి వీపులూ రాళ్ళకి ఆనే ఉన్నాయి, అందరి కళ్ళూ బోర్డు మీదే ఉన్నాయి. వాళ్ళ వెనక, వాళ్ళ కిందా, నీలంగా, చివర లేకుండా సముద్రం.

కెలెరా తడిసిన సుద్దముక్క పారేసి, జేబులోంచి పొడిది తీసి, బోర్డు వైపు తిరిగి తర్వాతి లెక్క రాసింది.