చాటుబల్ల

నేను ఒక చాటుబల్లను. పేరు విని నన్ను పోల్చుకోగలిగేవారు తక్కువ. మీరు ఎప్పుడైనా కాగితం మీద రబ్బరు ముద్ర గుద్ది ఓటు వేసి ఉంటే, ఆ కాగితం పట్టుకుని గదిలో ఒక మూలకు వెళ్లి, మూడు వైపులా చెక్కలు అడ్డంగా నిలిపిన చోట తల వంచుకుని నిలబడి ఉంటారు. ఆ చెక్కలు నేను. ఓటు పెట్టెను అందరూ ఎరుగుదురు. దానికి సీలు వేస్తారు, తుపాకీతో కాపలా పెడతారు, ఊరేగింపుగా లారీ ఎక్కిస్తారు. నన్ను మాత్రం సాయంత్రం కాగానే మడిచి గోడకు ఆనించి వెళ్లిపోతారు.

పుట్టుకతో నేను చాటును కాను. లాకులపేట బడిలో నల్లబల్లను. నా మీద రాసింది ప్రతి కంటికీ కనబడాలి. అదే నా వృత్తి. ఒక వానాకాలం పైకప్పు పెంకులు జారి పడి నిలువునా చీలాను. పనికిరానని పంచలో పెట్టారు. అంతలో ఎన్నికలు వచ్చాయి, ఆ బడే పోలింగు కేంద్రమైంది. ఓటర్ల మరుగు కోసం కట్టిన గోనెపట్టా గాలికి లేచిపోతోందని హెడ్మాస్టరు వడ్రంగి బ్రహ్మాన్ని పిలిపించాడు. బ్రహ్మం నన్ను మూడు పలకలుగా కోసి, బందులు బిగించి, నల్లటి ముఖం లోపలికి ఉండేలా నిలబెట్టాడు.

"ఇన్నాళ్లూ చాటి చాటి అలిసిపోయుంటావు. ఇక చాటుగా నిలబడవే," అన్నాడు నవ్వుతూ. మనిషి నాతో నేరుగా మాట్లాడడం అదే మొదలు.

బ్రహ్మం మాట గురించి తర్వాత చాలా ఆలోచించాను. తెలుగులో చాటు అంటే మరుగు. చాటడం అంటే నలుగురికీ వినబడేలా ప్రకటించడం. దాచడానికీ వెల్లడించడానికీ ఒకే శబ్దం ఎలా కుదిరిందో నాకు తెలియదు. రెండూ వేర్వేరు మూలాలవే కావచ్చు. తెలియనిదాన్ని తెలుసుననడం నా స్వభావం కాదు. నా ఒంటికి మాత్రం రెండర్థాలూ పట్టాయి.

నాయకుల మీద ప్రజాభిప్రాయం అంటూ పత్రికలు రాసేది నేను చాలాసార్లు విన్నాను. ఆ అభిప్రాయం రెండు చోట్ల ఉంటుంది: వరండాలోని వరుసలో ఒకటి, నా లోపల మరొకటి. వరుసలో గొంతులు పెద్దవి. "అయిదేళ్లయింది, మొహం చూపించాడా వీడు?" అని ఒకడు పళ్లు కొరికేవాడు. అతడే లోపలికి వచ్చి, ఆ మొహం చూపించనివాడి గుర్తు మీదే నింపాదిగా ముద్ర గుద్ది, బయటికి పోతూ మళ్లీ తిట్టు అందుకునేవాడు. ఇంకొకాయన ఒక గుర్తుకు రెండు చేతులూ జోడించి దండం పెట్టి, పక్క గుర్తు మీద వేసి వెళ్లాడు. ఒక ముసలమ్మ చేతిలోని రబ్బరు ముద్రను తిప్పి తిప్పి చూసి, "ఈ ఇంటూ గుర్తు నచ్చినోడికి పెట్టాలా, నచ్చనోడికి పెట్టాలా నాయనా?" అని అరిచింది. అధికారి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను నల్లబల్లగా ఉన్నన్నాళ్లూ ఆ గుర్తు తప్పు లెక్కలకే పెట్టేవారు.

నా దగ్గర మనుషులు ఒక్కొక్కరే ఉంటారు. భార్య వెంట భర్త రాకూడదు, తండ్రి వెంట కొడుకు రాకూడదు. అంత ఒంటరిగా నిలబడే చోటు ఈ దేశంలో మనిషికి మరొకటి ఉందో లేదో. క్షణకాలం ఉండి పోతారు. ఆ క్షణాలకూ క్షణాలకూ మధ్య నాకు ఏళ్ల తరబడి గోడ.

తర్వాత ఓటుకు యంత్రాలు వచ్చాయి, వాటితోపాటు తేలికైన అట్టల మరుగులూ వచ్చాయి. నన్ను లాకులపేట చేనేత సహకార సంఘం అడిగి తీసుకుంది. వాళ్ల ఎన్నిక ఇంకా కాగితం మీదే. అక్కడే నేను చౌడమ్మను చూశాను.

ఆ సంఘానికి ఒక రూలుంది. ఓటు వేయని సభ్యుడికి ఆ ఏడాది నూలు ఇవ్వరు. నూలు లేకపోతే మగ్గం ఆడదు. ఆ రూలు పెట్టించినవాడు చౌడమ్మ భర్త గురవయ్య. ఒకప్పుడు ఎన్నికకు పదిమంది కూడా రాకపోతే, నూలు వ్యాపారి తన మనుషులను దింపి సంఘాన్ని చేజిక్కించుకున్నాడట. దాన్ని విడిపించుకోవడానికి గురవయ్య నానా తిప్పలూ పడ్డాడు. ఆ దెబ్బతో ఇక అందరూ రావలసిందేనన్నాడు. అదే కలంతో ఇంకో రూలు కూడా రాయించాడు: ఎవరు ఎవరికి వేశారో ఎవరూ అడగరాదు. గురవయ్య తప్పు చేశాడని నేననను. రోగం చూసినవాడు మందు రాశాడు. అయితే మనిషిని చెయ్యి పట్టుకుని బల్ల దాకా తీసుకురావచ్చు గానీ, ఇష్టాన్ని చెయ్యి పట్టుకుని తేలేము. అది రూలుకు అందదు.

ఎన్నికకు ముందురోజు వీధుల్లో డప్పుతో చాటింపు వేసేవారు. "రేపు సంఘం ఎన్నికలహో! ఓటెయ్యనోళ్లకి నూలు లేదహో!" నాకు లోపల నవ్వొచ్చేది. చాటుగా చేయవలసిన పనికి అంత చాటింపు.

గురవయ్య పోయాక ఆయన సభ్యత్వం చౌడమ్మకు వచ్చింది. ఆ ఏడు అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకడు పాత అధ్యక్షుడు అవ్వారు కోటిలింగం. గురవయ్యకు తమ్ముడి వంటి స్నేహితుడు. రెండోవాడు నాగభూషణం. సంఘం కార్యాలయంలో గోడకు ఆని ఉన్న నాకు అక్కడి మాటలన్నీ వినబడేవి. వానొస్తే చౌడమ్మ ఇంటి కప్పు కారి, ఆమె కాళ్లు పెట్టి నేసే మగ్గం గుంట నిండిపోతుంది. కప్పు బాగు చేయించడం సంఘం పని. కోటిలింగం వచ్చి గుంట అంచున నిలబడి "చూద్దాం వదినా" అన్నాడు. నాగభూషణం వచ్చి అదే అంచున నిలబడి "నేను గెలిస్తే చూస్తా" అన్నాడు. ఇద్దరూ చూశారు. నీళ్లు మాత్రం చెంబుతో ఆమే తోడుకుంది.

ఎన్నికనాడు ఆమె నా లోపలికి వచ్చి కాగితం పరిచింది. ముద్రను సిరా మెత్తకు అద్దింది. కోటిలింగం గొడుగు గుర్తు మీదికి చేయి తెచ్చి ఆగింది. నాగభూషణం దీపం గుర్తు మీదికి తెచ్చి ఆగింది. ఊపిరి వేడిగా నా పలకలకు తగులుతోంది. బయటి నుంచి కోటిలింగం గొంతు వినబడింది.

"ఏం వదినా, లోపల మగ్గం గానీ వేశావా?"

వరుసలో అంతా నవ్వారు. సిరా అద్దిన ముద్ర ఎక్కడో ఒకచోట పడక తప్పదన్నట్టు, ఆమె పక్కకు తిరిగి, నా ఎడమ పలక మీద బలంగా గుద్దింది. తెల్లకాగితాన్ని మడిచి పెట్టెలో వేసి వెళ్లిపోయింది.

అన్ని ఎన్నికలు చూసిన నాకు పడిన ఒకే ఒక ఓటు అది. ఊదారంగు సిరా నా నలుపులో కలిసిపోయింది. పక్కవాటుగా వెలుగు పడితే తప్ప కనబడదు. ఎవరూ అలా చూడలేదు.

కోటిలింగం గెలిచాడు. నూటికి నూరు మందీ ఓటేశారని గోడ మీద రాయించడానికి రంగు డబ్బా కూడా తెప్పించి పెట్టుకున్నాడు. పెట్టెలో తెల్లకాగితం బయటపడేసరికి అతని మొహం మాడిపోయింది. సభ్యులందరినీ అక్కడే కూర్చోబెట్టాడు. అతని చూపు తిన్నగా పుల్లయ్య మీద పడింది. టీకొట్టు దగ్గర ఏ నాయకుడినీ వదలకుండా తిట్టేవాడు పుల్లయ్య.

"నిన్న పొద్దున కూడా అన్నావంటగా, అందరూ ఒకే తాను ముక్కలని?"

"అన్నానయ్యా. అంటే మాత్రం?"

"అందుకే కాయితం తెల్లగా వదిలావు. ఈ ఏడు నీకు నూలు లేదు, పో."

"నీ గొడుక్కే గుద్దాను పెసిడెంటూ! మా ఇంట్లో పిల్లల మీద ఒట్టు!"

ఎవరూ నమ్మలేదు. వెనక వరుసలో ఎవరో "గొడుగు కాదు, గోడకి గుద్దుంటాడు" అన్నారు. మళ్లీ నవ్వులు. పుల్లయ్య చెప్పింది నిజం. అతడు రెండు చేతులతో, అక్షరాలు దిద్దే పిల్లవాడిలా, గొడుగు మధ్యలో ముద్ర వేయడం నేను చూశాను. అంత తిట్టేవాడికి అంత భక్తి ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ సంగతి తెలిసింది అతనికీ నాకూ మాత్రమే. నాకు నోరు లేదు, అతని నోటికి విలువ లేదు.

చౌడమ్మ చీర కొంగు నడుముకు చుట్టుకుని లేచింది.

"ఆ తెల్లకాయితం నాది మరిదీ. వాణ్ణొదిలెయ్."

డబ్బాలో రంగు కలుపుతున్నవాడు కలపడం ఆపాడు. కోటిలింగం ఆమె వైపు తిరిగాడు.

"అన్న పెట్టిన రూలు వదినా అది. నువ్వే తప్పితే ఎట్టా?"

"రమ్మన్నారు, వచ్చాను. ముద్ర ఇచ్చారు, వేశాను."

"ఎవరికేశావు మరి?"

"అది అడక్కూడదని కూడా మీ అన్నే రాశాడుగా."

"అయ్యో, ఇది ఎవరికీ వెయ్యకపోవడం వదినా!"

"అదీ అడక్కూడదుగా మరిదీ."

పకపకమని ఒక నవ్వు లేచి, కోటిలింగం మొహం చూసి చప్పబడింది. అతడు క్రూరుడు కాడు. అతని కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. కానీ ఒకరి కోసం రూలు వంగితే రేపు వ్యాపారి మళ్లీ వస్తాడని అతడు నిజంగా నమ్మాడు. ఆ ఏడాది చౌడమ్మకు నూలు లేదన్నాడు. ఆ మాటకు అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తండి అన్నాడు. నేను పుల్లయ్య వైపు చూశాను. అతడు నేల మీద దేనికోసమో వెతుకుతున్నాడు. చేతులు లేవలేదు.

"ఇంకో మాట," అన్నాడు కోటిలింగం గొంతు సవరించుకుని. "మనలో మనకి ఈ చాటు ఎందుకు? వచ్చేసారి నుంచి చేతులెత్తి, చాటి చెబుదాం ఎవరికేస్తున్నామో. ఆ బల్ల తీసి అవతల పారెయ్యండి."

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి ఎన్నిక ఏకగ్రీవంగా జరిగిందని విన్నాను. ఆ మాటకు అర్థం ఒకే మెడ అని. అంతమందికి ఒకే మెడ ఎలా మొలుస్తుందో నాకు తెలియదు. ఆ రోజు కాదనదలచినవాళ్లకు ఒక చాటంటూ లేదు, నన్ను ఎప్పుడో తుమ్మచెట్టు కింద పడేశారు.

పడేసిన మర్నాడే నన్ను వెతుక్కుంటూ వచ్చింది చౌడమ్మ. "నూలు ఎటూ ఇవ్వనన్నారు. ఆ చెక్కలన్నా ఇవ్వండి. స్నానాల తడిక కూలిపోయింది," అని గుమాస్తాను అడిగింది. అతడు నన్ను ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు.

ఇప్పుడు నేను ఆమె పెరట్లో, బట్టలుతికే బండ పక్కన నిలబడి ఉన్నాను. ఆమె ఊరి షావుకారు మగ్గం మీద కూలికి నేస్తోంది. ఇంట్లోని మగ్గం గుంటను మన్నుపోసి పూడ్చేసింది. ఆమెతో మాట్లాడేవారు పెద్దగా రారు. పుల్లయ్య దారి మార్చుకుని చెరువు గట్టు మీదుగా వెళ్తాడట.

మొదటి రోజు సంధ్యవేళ ఆమె నా లోపలికి వచ్చి తల మీద నీళ్లు పోసుకుంది. కొన్ని చుక్కలు ఎగిరి నా ఎడమ పలక మీద పడ్డాయి. నల్లటి చెక్క మీద నుంచి ఊదారంగు ధార ఒకటి సన్నగా జారి, బండ మీదుగా ఆమె కాలి దగ్గరికి వెళ్లింది. ఆమె ఉలిక్కిపడి, ఆ రంగు ఎక్కడి నుంచి వస్తోందా అని పైకి చూసింది. తడిసిన చోట ఇంటూ గుర్తు ఒక్క క్షణం స్పష్టంగా మెరిసింది.

ఆమె దాని మీద బొటనవేలు ఆనించింది.

"నువ్వు ఎవరికీ చెప్పలేదే!" అంది మెల్లగా.

చెప్పడానికి నన్ను ఎవరైనా అడిగితే కదా అనుకున్నాను. ఆమె మళ్లీ చెంబు ముంచి నీళ్లు పోసుకుంది. ఈసారి జారిన నీళ్లకు రంగు లేదు.