కూర్చుని ఇచ్చిన కొలత

లా చదివేవాళ్ళకు ఎవరో ఒకరి వైపు వాదించకపోతే తిన్నది అరగదు. ఆ బుధవారం క్లాసులో వాసంతి కొన్నవాళ్ళ వైపు వాదించింది.

"తేడా సరుకు ఇచ్చినోనికి ఇంకా గడువుంటే, సరిచేసే ఛాన్స్ ఇయ్యాల్నా?" అని రత్నాకర్ సార్ అడిగారు.

"ఎందుకియ్యాలె సార్? ఒకసారి చెడగొట్టినోడు మళ్ళ చెడగొట్టడని గ్యారంటీ ఏంది?"

"కొన్ని దేశాల చట్టాలు ఇయ్యమంటయి. సరే, లోపం ఎక్కడున్నదో కొన్నోళ్ళు చూపియ్యకపోతే, పాపం, ఆయన దేన్ని సరిచేస్తడు?"

వాసంతికి ఒళ్ళు మండింది.

అసలు మంట ఆమె సంచిలో ఉంది. ఆమె ఎడమకాలు కాస్త పొట్టి. శనివారం మూట్ కోర్టు, అంటే విద్యార్థుల ఉత్తుత్తి కోర్టు వాదనల పోటీ ఫైనల్లో హాలంతా చూస్తుండగా జడ్జీల ముందుకు నడవాలి. కుంటు కనబడకుండా ఉండాలని తార్నాకలో బూట్లు కుట్టే భూపాల్ చేత ఎడమ మడమ ఎత్తు పెట్టి ఒక జత చేయించుకుంది. శుక్రవారానికి ఇస్తానన్న మనిషి మంగళవారమే ఇచ్చాడు. తీరా వేసుకుంటే మడమ పక్కకు జారుతోంది.

సాయంత్రం వెళ్ళి ఆ జతను అతని ముందు పెట్టింది. "నాకొద్దన్నా. వాపస్ తీస్కో."

భూపాల్ బూటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొలత మంచిగనే ఉన్నది గదమ్మా! శుక్రవారం దాక టైమున్నది, సరిచేస్త. జర నడిచి చూపియ్యి."

వాసంతి కదల్లేదు. చిన్నప్పుడు బడిలో పిల్లలు తన వెనకే కుంటుతూ నడిచి పకపకా నవ్వారు. అప్పటి నుంచి ఆమె క్లాసుకు అందరికంటే ముందొచ్చి కూర్చుంటుంది, అందరూ పోయాక లేస్తుంది. కొలత కూడా స్టూలు మీద కూర్చునే ఇచ్చింది. అప్పుడూ నడవమన్నాడు భూపాల్. "అక్కర్లేదు" అనేసరికి మొహమాటపడి ఊరుకున్నాడు.

సార్ ప్రశ్న ఇప్పుడు ఆమె నెత్తిన పడింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది. అయినా ఆ మడమ ఎందుకు జారుతోందో తెలుసుకోవాలని మనసు పీకుతోంది. తన నడక ఎలా ఉంటుందో తనకే తెలియదు మరి! అద్దం ముందు కూడా ఏనాడూ నడిచి చూసుకోలేదు.

ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. "వీడియో తియ్యన్నా. నేను గూడ చూడాలె."

బూట్లు వేసుకుని మెట్రో స్తంభం దాకా పోయి వచ్చింది. ఇద్దరూ ఫోను మీదికి వంగారు.

"ఇగో, పాదం లోపటికి ఒరుగుతున్నది. ఉత్త ఎత్తు సరిపోదు, పక్కకు ఆపు గూడ కావాలె," అన్నాడు భూపాల్.

ఆ మాట వాసంతి చెవికెక్కలేదు. తెర మీద ఒకమ్మాయి ఓ భుజం కొద్దిగా దించి, నింపాదిగా నడుస్తోంది. ఆనాడు పిల్లలు వెక్కిరించి చూపించింది ఈ నడకను కానే కాదు. ఇన్నేళ్ళూ తనది కాని నడకకు సిగ్గుపడి చచ్చింది. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"అన్నా, మళ్ళ నడుస్త," అంది. "ఈసారి ఎదురుంగ నిలబడి తియ్యి."